చుక్కాని పట్టిన చెయ్యి

విజయవాడ వెళ్ళేవాళ్ళు దుర్గమ్మ దర్శనానికో, పెళ్ళి బట్టలకో, కోర్టు పనికో వెళతారు. నేను మాత్రం సంచిలో ఒక బొమ్మకారు పెట్టుకుని, దాన్ని ఎవరి చేతిలో పెట్టాలా అని వెతుక్కుంటూ వెళ్ళాను. నవ్వుకునేవాళ్ళు ఇక్కడే నవ్వుకోండి. ముందుకు పోయేకొద్దీ ఇందులో నవ్వొచ్చే సంగతులు తగ్గుతాయి.

ముందు ఈ కార్ల సంగతి చెప్పాలి. నాది విశాఖపట్నంలో రేడియో రిపేరు షాపు. రెండేళ్ళ కిందట ఓడలో వచ్చిన ఒక జపాను ఆయన టేప్ రికార్డరు బాగుచేసిపెడితే, సంతోషించి మూరెడు పొడవున్న కారొకటి ఇచ్చి వెళ్ళాడు. దానికి తీగ లేదు, తాడు లేదు. మన చేతిలో ఏరియల్ ఉన్న చిన్న పెట్టె ఉంటుంది. పెట్టె మీద రెండు మీటలు. ఒకటి వేగానికి, రెండోది మలుపుకి. యాభై గజాల అవతల ఉన్న కారు మన వేలు చెప్పినట్టు వింటుంది. సొంత పిల్లలు కూడా అంత బాగా వినరు.

మా సూర్యారావు దాన్ని చూశాడు. చిన్నప్పటి స్నేహితుడు, వర్క్‌షాపులో టర్నరు. ఒక వారం నిద్రపోలేదు. ఎనిమిది నెలలు కూర్చుని, అల్యూమినియం రేకుతో, హవాయి చెప్పుల అడుగులు కోసి చేసిన చక్రాలతో రెండో కారు తయారుచేశాడు. దానికి రేడియో నేను కట్టాను. ఆదివారం పొద్దున్నే మా పేట స్కూలు గ్రౌండులో ఇద్దరం పోటీలు పెట్టుకునేవాళ్ళం. నాది జపాను కారు, వాడిది చెప్పుల కారు. పదిసార్లకి ఏడుసార్లు వాడే గెలిచేవాడు. మిగిలిన మూడుసార్లు కూడా నన్ను చూసి జాలిపడి ఓడిపోయేవాడేమో అని ఇప్పటికీ నా అనుమానం.

కిందటి వానాకాలంలో లేతు మిషన్లో వాడి కుడిచెయ్యి పడింది. బొటనవేలు, చూపుడువేలు పోయాయి. మీట పట్టుకోవాల్సిన వేళ్ళు ఆ రెండే. ఎడమచేత్తో నెలరోజులు ప్రయత్నించాడు. తర్వాత ఒక ఆదివారం కారుని తువ్వాల్లో చుట్టి నా షాపు బల్ల మీద పెట్టాడు.

"ఏటి, నువ్వొక్కడివే ఎవుడితో పోటీ పడతావు? నీ నీడతోనా?" అన్నాడు. "నాలుగూళ్ళు తిప్పు. కొత్తోళ్ళు ఎవురైనా పుడతారు. కానీ ఒక్క మాట. నా కారు అడిగినోడికియ్యకు. ఇటికల సందులోంచి తెచ్చినోడికియ్యి."

ఇటుకల సందు అంటే మా ఆట పద్ధతి. ముప్ఫై అడుగుల దూరంలో ఒక కుండ పెడతాం. మన కాళ్ళ ముందర జానెడు సందు వదిలి రెండు ఇటుకలు. కారు కుండ దాకా వెళ్ళి, దాన్ని చుట్టి, వెనక్కొచ్చి ఇటుకల మధ్యనుంచి దూరాలి. వెళ్ళేటప్పుడు ప్రతివాడూ వీరుడే. తిరిగొచ్చేటప్పుడు కారు మనకి ఎదురుగా వస్తుంది కదా, అప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది. చెయ్యి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది. ఇటుకలు తగలకుండా తేవడం నాకు ఒంటబట్టడానికి ఏడాది పట్టింది. మొదటి రోజే తెచ్చిన మనిషిని నేను చూడలేదు. అంటే, ఈ ప్రయాణం దాకా చూడలేదు.

భవానీపురం

విజయవాడలో దిగ్గానే మా తోడల్లుడు సీతారామయ్యగారింటికి వెళ్ళాను. బట్టల షాపులో గుమాస్తా. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇల్లు భవానీపురంలో, కృష్ణకి దగ్గర్లోనే. ఫిబ్రవరి నెలకే ఆ ఊరు కాలుతోంది. మాకు సముద్రం గాలి ఉంటుంది, వీళ్ళకి కొండ వేడి ఉంటుంది. ఆ వేడి చాలనట్టు ఇడ్లీ మీద కారప్పొడి కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి నెయ్యి వేస్తారు. మా వైపు చట్నీ పోస్తారు, అంతే. మొదటి ముద్దకే నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

"ఏమయ్యా ప్రకాశం, కారంగా ఉందా?" అని అడిగారు సీతారామయ్యగారు.

"లేదండీ అన్నయ్యగారూ, బాగుంది," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"లేకపోతే ఇంకొంచెం వేయించుకో మరి," అన్నారు. వేయించుకోక తప్పలేదు.

సాయంత్రం నది వైపు ఉన్న ఖాళీ జాగాలో కుండ పెట్టి, ఇటుకలు పెట్టాను. సీతారామయ్యగారు పెద్దమనుషుల్ని పిలుచుకొచ్చారు. ఒక కాలేజీ లెక్చరరుగారు, మందుల షాపాయన, ఇంకా నలుగురైదుగురు. వాళ్ళ వెనక పిలవని జనం వందమంది చేరారు. ఎలక్షన్ల రోజులు కదా, ఏరియల్‌కి నేను కట్టిన ఎర్రగుడ్డ చూసి ఒక రిక్షా ఆయన నేరుగా అడిగేశాడు.

"ఏ పార్టీదండీ ఈ కారు? గుర్తు ఏంటి?"

"పార్టీ కాదండీ, ఆట."

"ఆటే లెండి, అన్నీ ఆటలే," అన్నాడతను. జనం గొల్లుమన్నారు.

నేను కారు నడిపి చూపించాను. కుండ చుట్టూ మూడు చుట్లు, ఇటుకల సందులోంచి రెండుసార్లు. చప్పట్లు కొట్టారు. చప్పట్లంటే నాకు మోజని అప్పుడే తెలిసింది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అని నేనే తిప్పాను. పెద్దమనుషులకి పెట్టె ఇచ్చేసరికి బ్యాటరీలో సగం ప్రాణం పోయింది. లెక్చరరుగారు వెళ్ళేటప్పుడు బాణంలా తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు నేరుగా జనం కాళ్ళ మధ్యకి తోలారు. మందుల షాపాయన కుండ పగలగొట్టారు. అందరూ బాగుందన్నారు, వండర్‌ఫుల్ అన్నారు. ఈ పోటీలకి ఇక్కడొక క్లబ్బు పెడదామా అంటే మాత్రం, మా పిల్లలకి పరీక్షలండీ అన్నారు.

జనంలో ఎవరో "ఒకసారి మాకిస్తే ఏం పోయిందండీ?" అని అడిగారు. నేను వినిపించనట్టు పెట్టె సర్దేశాను. కారు పాడైతే సూర్యారావుకి ఏం చెప్పను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. లెక్చరరుగారు జనం కాళ్ళలోకి తోలినప్పుడు ఆ భయం ఎందుకు వెయ్యలేదో అడక్కండి.

బస్సులో ఒక మాట

మర్నాడు బందరు బస్సెక్కాను. బెంజ్ సర్కిల్ దాటాక ఊరు పలచబడి, రోడ్డు పక్కన కాలవ తోడొచ్చింది. డెల్టా కాలవలు చూస్తే మా వైపు వాళ్ళకి అసూయ పుడుతుంది. మేం బిందె నీళ్ళకి క్యూ కడతాం. ఇక్కడ గేదెలు కూడా మెడలోతు నీళ్ళలో జమీందార్లలా పడుకుంటాయి.

నా పక్కన బట్టల మూటతో ఒకాయన కూర్చున్నాడు. అరవై దాటి ఉంటాయి. పెడనలో మగ్గం నేస్తారట, విజయవాడలో చీరలిచ్చి వస్తున్నారు. ఈ వైపు వాళ్ళు పక్కన కూర్చున్న మనిషి ఊరు, పేరు, పిల్లలు, ఏం పని మీద వచ్చారు, అన్నీ అడిగి తెలుసుకుంటే గానీ ఊరుకోరు. అడిగే తీరులో మాత్రం అంత మర్యాద ఉంటుంది కాబట్టి కోపం రాదు. నా సంచిలో ఏముందో ఉయ్యూరు సగం దూరం ఉండగానే ఆయనకి తెలిసిపోయింది. నిన్న ఎవరూ చేరలేదని కూడా చెప్పేశాను.

ఆయన మూట ఒళ్ళోకి జరుపుకుని అన్నారు.

"మీరేమీ అనుకోకపోతే ఒక మాటండీ. మా ఇంటికి కొత్త కోడలొస్తే మేం నేసి చూపించం. మగ్గం మీద కూర్చోబెట్టేస్తాం. పోగులు తెంపుద్ది, తెంపనీ. మనం నేస్తా చూపిచ్చామనుకోండి, చూసేవాళ్ళు చీర చూస్తారు గానీ పని చూడరండి."

"మా కారు ఒకటేనండీ. పాడైతే మళ్ళీ రాదు," అన్నాను.

"మా మగ్గమూ ఒకటేనండి," అన్నారాయన.

నేను కిటికీలోంచి చెరకు తోటలు చూశాను. ఈ ప్రయాణంలో నాకు ఎవరైనా పనికొచ్చే ముక్క చెప్పారంటే ఆయనే. నేను ఆయన పేరు కూడా అడగలేదు. ఆయన నా ముగ్గురు పిల్లల పేర్లూ అడిగి తెలుసుకున్నారు.

ఉయ్యూరు

ఉయ్యూరులో బస్సు దిగకముందే బెల్లం పాకం వాసన ముక్కుకి తగులుతుంది. చెరకు ఆడించే రోజులు. ఫ్యాక్టరీ దాకా ఎడ్లబళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉంటే, బళ్ళవాళ్ళు కిందనే వంటలు చేసుకుంటున్నారు. ఒకాయన నన్ను పిలిచి చెరకుముక్క చేతిలో పెట్టాడు. డబ్బు తీస్తే కోప్పడ్డాడు. మా ఊళ్ళో ఆ ముక్కకి పది పైసలు పుచ్చుకుని, నమిలిన పిప్పి ఎక్కడ ఉమ్మాలో కూడా చెబుతారు.

సీతారామయ్యగారి షాపుకి పాత ఖాతాదారు అయిన శేషగిరిరావుగారి ఇంటికి వెళ్ళాను. చెరకు రైతు. రెండంతస్తుల మేడ, ముందు హాల్లో గోడ పొడుగునా అద్దాల షోకేసు. అందులో మట్టిబొమ్మలు, వెండి ఏనుగు, చైనా పింగాణీ కప్పులు, ఎవరూ ఎప్పుడూ తాగనివి. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి మనిషికీ "వైజాగు నుంచి వచ్చారండీ, సైంటిస్టుగారు" అని పరిచయం చేశారు. రేడియో రిపేరు చేసేవాణ్ణండీ అని ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. మూడోసారికి కొంచెం కాలు మీద కాలు వేసుకున్నాను.

పెసరట్లు, అల్లప్పచ్చడి, మీగడ పెరుగు. ఆ ఇంటి ఇల్లాలు వద్దంటే వడ్డించే రకం. తిన్నాక పెరట్లో కళ్ళం మీద కుండ, ఇటుకలు పెట్టాను. శేషగిరిరావుగారు పెట్టె పట్టుకుని ఏడుసార్లు నడిపారు. ఏడుసార్లూ కారు గడ్డివాములోకి వెళ్ళింది. ఆయన బావమరిది నాలుగుసార్లు నడిపాడు. అతను ఇటుకని గుద్ది ముందు బంపరు వంచాడు.

"ప్రాక్టీసు మీద వస్తుంది లెండి," అన్నారు శేషగిరిరావుగారు. "ఇక్కడ క్లబ్బు నేను పెడతాను. ఇరవైమందిని చేర్పిస్తాను, పూచీ నాది. మీరు తిరిగి వెళ్ళేటప్పుడు ఈ కారు మాకిచ్చి వెళ్ళండి. ఏమంటారు సైంటిస్టుగారూ?"

సూర్యారావు చెప్పిన మాట గుర్తొచ్చింది. అడిగినవాడికివ్వకు అన్నాడు. ఈయన అడిగినవాడు. ఇరవైమంది అన్న మాట చెవిలో తియ్యగా పడింది. "అలాగేనండీ" అన్నాను.

రాత్రి బ్యాటరీ చార్జింగుకి పెడితే గంటకే కరెంటు పోయింది, తెల్లారేదాకా రాలేదు. బ్యాటరీ నిండితే కారు పది నిమిషాలు తిరుగుతుంది. ఆ చార్జికి రెండు నిమిషాలు తిరిగితే ఎక్కువ.

నాగాయలంక అవతల

మూడో రోజు కృష్ణ సముద్రంలో కలిసే వైపు వెళ్ళాను. వెంకటస్వామి అని నా షాపుకి వచ్చే చేపల వ్యాపారి ఉన్నాడు. విశాఖ రేవుకి సరుకు తెచ్చినప్పుడల్లా తన ట్రాన్సిస్టరు నా దగ్గరే బాగుచేయించుకుంటాడు. రొయ్యలు ఆరబెట్టుకోవడానికి సిమెంటు చప్టా పోయించాను, అద్దంలా ఉంటుంది, నీ కారు తోలుకో అని ఎన్నాళ్ళుగానో పిలుస్తున్నాడు. నాగాయలంక దాటి, ఒక పాయ పడవలో దాటితే వాళ్ళ పల్లె.

పడవ నడిపినది ఒక ఆడమనిషి. నలభై ఏళ్ళుంటాయి. ముందువైపు ఒకతను గెడ వేస్తుంటే, ఆమె వెనక కూర్చుని చుక్కాని పట్టుకుంది. పడవలో చేపల గంపలు, నలుగురు మనుషులు, ఒక సైకిలు, నేను. ఎదురుగా ఇంకో పడవ వస్తుంటే ఆమె మాట ఆపకుండానే, అటు చూడకుండానే చుక్కాని కొంచెం తోసింది. రెండు పడవల మధ్య మూరెడు సందు మిగిలింది. నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను. ఆమె పక్కావిడతో వంకాయల ధర గురించే మాట్లాడుతోంది.

వెంకటస్వామి నిజమే చెప్పాడు. ఆ చప్టా లాంటి ట్రాకు విశాఖలో లేదు. కాకపోతే ఎండురొయ్యల వాసన. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, అయినా జేబురుమాలు ముక్కు దగ్గరే పెట్టుకున్నాను. మధ్యాహ్నం వాళ్ళింట్లో చింతకాయ వేసిన చిన్నచేపల పులుసు పెట్టారు. ఈ ప్రయాణంలో తిన్న వాటిలో దాన్ని మించింది లేదు. పెసరట్లని కూడా కలిపే చెబుతున్నాను.

రొయ్యలు ఎత్తేశాక సగం చప్టా ఖాళీ చేయించాడు. పని చేసే ఆడవాళ్ళు ఒక పక్కన కూర్చున్నారు. పొద్దున పడవ నడిపినామె కూడా వాళ్ళలో ఉంది. పేరు నాంచారమ్మ. పొద్దున గంపలు దాటించి, పగలు రొయ్యలు తిరగేస్తుందట. కుండ, ఇటుకలు పెట్టి, మా పోటీల సంగతి చెప్పి, బ్యాటరీ తక్కువ కాబట్టి నేను ఒకే చుట్టు నడిపి చూపించాను. తర్వాత వెంకటస్వామికిచ్చాను. అతను కారుని రొయ్యల కుప్పలోకి పోనిచ్చాడు. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు.

"బాబుగారూ, నాకోపాలి ఇత్తారా?" అంది నాంచారమ్మ.

వెంకటస్వామి నవ్వాడు. "నీకెందుకే, రొయ్యలు తిరగేసే చెయ్యి అది."

నాకు ఇవ్వాలని లేదు. నిజం చెబుతున్నాను. అంతమంది చూస్తుండగా లేదని అనలేక ఇచ్చాను. ఇది వేగం, ఇది మలుపు అని రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె కొంగుతో చేతులు రెండుసార్లు తుడుచుకుని పెట్టె పుచ్చుకుంది.

కారు మెల్లగా కదిలింది. అందరిలాగా బాణంలా పోలేదు. కుండ దగ్గర ఒక్క పిసరు వేగం తగ్గింది, చుట్టింది, మాకు ఎదురుగా తిరిగింది. అందరి చెయ్యీ తప్పే చోటు అది. నేను ఇటుకలు పక్కకి లాగడానికి వంగాను కూడా. ఆమె చెయ్యి తప్పలేదు. ఒకసారి కొంచెం అటు, ఒకసారి కొంచెం ఇటు, అంతే. కారు రెండు ఇటుకల మధ్యనుంచి వచ్చి నా చెప్పుల ముందు ఆగింది. ఇటుక మీది దుమ్ము కూడా కదల్లేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అదెంత కష్టమో వాళ్ళెవరికీ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేనూ కొట్టలేదు.

"ఎలా తిప్పావు?" అని అడిగాను. ఆమెని మీరు అనలేదని కూడా తర్వాతే గమనించుకున్నాను.

"ఏవుందండి ఇందులో? చుక్కాని ఎడమకి తోస్తే పడవ కుడికి పోద్ది. చిన్నప్పణ్ణించీ అంతే కదండి," అంది. "మా అయ్యకి కొడుకుల్లేరు. చుక్కాని నాకే అప్పజెప్పాడు. ఇది పడవ కన్నా తేలికండి. కింద నేల కదలదు కదా."

ఒక చుట్టు వేసిన మనిషి ఆ మాట అంది. ఏడాది చెమటోడ్చిన నాకు నేల కదలదన్న సంగతి ఎప్పుడూ తట్టలేదు. సంతోషించాల్సిన చోట నాకు రోషం వచ్చింది.

"ఇంకోపాలి తిప్పనా అండి?"

"బ్యాటరీ అయిపోయింది," అన్నాను. ఇంకా అర నిమిషం ఉండేది.

ఆమె పెట్టెని కొంగుతో తుడిచి, రెండు చేతులతో నాకిచ్చింది. నేను పుచ్చుకుని, జేబురుమాలు తీసి, ఆమె ఎదురుగానే మళ్ళీ తుడిచాను. వాసన అని. అలవాటుగా చేశానో, కావాలని చేశానో నాకే తెలియదు. ఆమె చూసింది. చేతులు కొంగు చాటుకి తీసుకుంది.

సాయంత్రం మళ్ళీ ఆమె పడవలోనే పాయ దాటాను. రేవులో దిగుతుంటే అడిగింది.

"పోటీలన్నారు కదండి. ఆడాళ్ళు కూడా ఆడొచ్చా?"

"చూద్దాం," అన్నాను.

"ఏ రోజండి?"

"ఆదివారం."

"ఆదివారమైతే నాకూ కుదురుద్దండి. ఆ రోజు రొయ్యల లారీ రాదు," అంది. విశాఖపట్నం ఎంత దూరమో ఆమెకి తెలుసో తెలియదో. రేవులో టీకొట్టు వైపు చెయ్యి చూపించింది. "ఉత్తరం రాస్తే ఆ కొట్టాయన చదివి చెబుతాడండి. నాంచారమ్మ, పడవ అని రాస్తే చాలు."

కారు నా భుజాన సంచిలోనే ఉంది. తీసి ఆమె చేతిలో పెడితే సరిపోయేది. కరెంటు లేని పల్లెలో బ్యాటరీ ఎలా నింపుకుంటుంది, రేపు శేషగిరిరావుగారికి ఏం చెప్పను, క్లబ్బులో ఇరవైమంది పెద్దమనుషుల మధ్య ఈమె ఏంటి, అని సంచి పట్టీ సర్దుకుంటూ వంద కారణాలు వెతుక్కున్నాను. వెంకటస్వామి ఇంట్లో కరెంటు ఉంది. ఆ పల్లెలో దీపాలు వెలగడం పడవ ఎక్కేముందే చూశాను.

మళ్ళీ ఉయ్యూరు

నాలుగో రోజు కారుని శేషగిరిరావుగారి చేతిలో పెట్టాను. ఆ ఇల్లాలు పళ్ళెంలో పసుపు, కుంకుమ తెచ్చి కారుకి బొట్టు పెట్టి, హారతిచ్చారు. ఈ వైపు కొత్త ట్రాక్టరైనా, కొత్త కుట్టు మిషనైనా అలాగే చేస్తారట. బాగానే అనిపించింది. తర్వాత శేషగిరిరావుగారు షోకేసు అద్దం జరిపి, వెండి ఏనుగుని పక్కకి నెట్టి, కారుని అక్కడ పెట్టారు. వెనక పెట్టెని కూడా ఏరియల్ లాగి నిలబెట్టారు. అద్దం మూసి తాళం వేశారు.

"పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందండీ," అన్నారు.

ఆ మాట నాది. భవానీపురం ఖాళీ జాగాలో నేను అనుకున్న మాట. ఇప్పుడు ఇంకొకరి నోట విన్నాను. తాంబూలంలో పెట్టిన అరటిపళ్ళు, ఒక బెల్లం దిమ్మ పుచ్చుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చాక

సూర్యారావు స్టేషనుకే వచ్చాడు. సంచిలో కారు లేదని చూసి మొహం వెలిగింది.

"ఇచ్చీసావా? ఎవరి చేతికిచ్చావు?"

"ఉయ్యూరులో ఒకాయన. శేషగిరిరావుగారని."

"తెచ్చాడా? ఇటికల సందులోంచి?"

మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. తెచ్చాడన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. వాడు ఎలా తెచ్చాడని అడిగాడు. కుండ దగ్గర పిసరు వేగం తగ్గించాడని, ఎదురు తిరిగాక ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పాడని, ఇటుక మీది దుమ్ము కదల్లేదని, నా చెప్పుల ముందు ఆగిందని చెప్పాను. అన్నీ నిజమే. మనిషిని మాత్రం మార్చేశాను. సూర్యారావు ప్లాట్‌ఫారం మీదే నిలబడి, వేళ్ళు లేని చేత్తో గాలిలో మీట తిప్పుతూ విన్నాడు. "మొదటి రోజే!" అన్నాడు. "ఆయన చెయ్యి మంచి చెయ్యిరా." వాడి కళ్ళు తడిశాయి.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వాడు గ్రౌండుకి వచ్చి సున్నంతో గీతలు గీస్తున్నాడు. రెండు కార్లకి రెండు గీతలు. ఉయ్యూరాయన ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడు. నేను శేషగిరిరావుగారికి ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. కారు క్షేమమట. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగి చూస్తున్నారట. దుమ్ము పడకుండా టైలరు చేత ముఖమల్ గుడ్డతో కవరు కుట్టించారట. క్లబ్బు మాట అందులో లేదు.

నేనిది రాస్తున్న ఈ పత్రికని సూర్యారావు ప్రతివారం నా షాపులోనే, ఆ బల్ల దగ్గరే కూర్చుని చదువుతాడు. ఈ వారం నేను దాన్ని దాచను. ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాట అచ్చు చాటున చెబుతున్నానని తెలుసు. ఇప్పటికి నాకున్న ధైర్యం ఇంతే. సూర్యారావూ, ఇటుకల సందులోంచి నీ కారుని తెచ్చిన చెయ్యి ఉయ్యూరులో లేదు. అది చేపల వాసన వేసే చెయ్యి. ఆ వాసనని తుడిచింది నేను. వచ్చే వారం ఉయ్యూరు వెళ్ళి షోకేసు తాళం తియ్యమని అడుగుతాను. ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఇస్తే అటునుంచి అటే పాయ దాటుతాను.

ఈలోగా చదివేవాళ్ళలో ఎవరైనా నాగాయలంక వైపు వెళితే నాకొక సాయం చెయ్యండి. రేవులో టీకొట్టు దగ్గర నాంచారమ్మ, పడవ అని అడగండి. పోటీ ఆదివారమేనని చెప్పండి. ఆడవాళ్ళు కూడా ఆడవచ్చని చెప్పండి.